బ్యాటరీ పనిముట్లు: ప్లగ్గు లేని చోట జాగ్రత్త

(జాతీయ భద్రతా వారోత్సవాల సందర్భంగా ఐటీఐ విద్యార్థులు, వడ్రంగి, ఎలక్ట్రికల్, ఫ్యాబ్రికేషన్ పనివారు, కొందరు గృహస్థుల ముందు, ఫిట్టర్ ట్రేడులో బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు చేసిన ప్రసంగం పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, తోటి అధ్యాపకులకు, ఒక పూట పని మానుకుని వచ్చిన మేస్త్రీలకు, విద్యార్థులకు నమస్కారం. 1966 మార్చి 4న, పనిచోట ప్రమాదాలు తగ్గించే జాతీయ భద్రతా మండలి (నేషనల్ సేఫ్టీ కౌన్సిల్) ఏర్పడింది కనుక ఏటా ఈ వారంలో మనం ఇలా సమావేశమవుతున్నాం. మామూలుగా ఈ సభల్లో హెల్మెట్టు గురించి నాలుగు మాటలు చెప్పి, అందరిచేతా ప్రతిజ్ఞ చేయించి, టీ తాగి వెళ్లిపోతాం. ఈసారి అలా కాకుండా, ఇప్పుడు మీ అందరి సంచుల్లో, చాలామంది ఇళ్ల అటకల మీద కూడా కనిపిస్తున్న బ్యాటరీ డ్రిల్లులు, బ్యాటరీ గ్రైండర్లు, చిన్న రంపాల గురించి మాత్రమే మాట్లాడదలచుకున్నాను.

తీగ ఉన్న మెషీన్‌కు బిట్టు మార్చాలన్నా, గ్రైండర్‌లో తిరిగే చక్రం, అంటే వీల్ మార్చాలన్నా మొదట ప్లగ్గు పీకమని మేము నేర్పేవాళ్లం. ప్లగ్గు పీకితే ఆ సంగతి పక్కవాడికి కూడా కంటికి కనిపిస్తుంది. తీగ పొడవు దాటి మెషీన్ వెళ్లదు. ప్లగ్గు పెట్టడం తెలియని పసివాడు దాన్ని తిప్పలేడు. బ్యాటరీ మెషీన్‌లో ఈ సదుపాయాలన్నీ పోయాయి. అది నిచ్చెన మీద ఉన్నా, బండి డిక్కీలో ఉన్నా, మంచం కింద ఉన్నా ఎల్లవేళలా ప్లగ్గు పెట్టి ఉన్నట్టే లెక్క. కాబట్టి ప్లగ్గు పీకే పనికి బదులుగా మనం చేయవలసింది ఒక్కటే: చేతిలో పని ఆగిన ప్రతిసారీ బ్యాటరీని మెషీన్ నుంచి తీసి విడిగా పెట్టడం. బిట్టు మార్చేటప్పుడు, వీల్‌ను కప్పి ఉండే గార్డు తిప్పేటప్పుడు, మెషీన్‌ను ఇంకొకరికి అందించేటప్పుడు, సంచిలో పెట్టేటప్పుడు బ్యాటరీ దానిలో ఉండకూడదు. ముందుకు, వెనక్కు తిప్పే మీటను మధ్యలో పెడితే ట్రిగ్గర్ బిగుసుకుపోతుంది కదా అని కొందరంటారు. ఆ ఏర్పాటు మంచిదే, కానీ సంచిలో రెంచి తగిలి ఆ మీట జరగడానికి ఎంతో సేపు పట్టదు.

ఈ బ్యాటరీ ప్యాక్‌లో ఏముందో ముందు తెలుసుకుందాం. బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ 1961లోనే తీగ లేని డ్రిల్లును తెచ్చింది, కానీ ఆనాటి నికెల్-కాడ్మియం బ్యాటరీల బలం తక్కువ. సోనీ కంపెనీ 1991లో లిథియం-అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చాక, 2005 ప్రాంతంలో అవి పనిముట్లలోకి కూడా రావడంతో పరిస్థితి మారింది. ఈ బ్యాటరీల మీద పరిశోధనకే గుడెనఫ్, విటింగ్‌హామ్, యొషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నా చేతిలో ఉన్న ఈ విప్పిన పాత ప్యాక్ చూడండి, ఇది పూర్తిగా ఖాళీ అయినది. ఇందులో 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న సెల్స్ 5 వరుసగా కలిపి ఉన్నాయి. ఒక్కొక్క సెల్ సగటున 3.6 వోల్టులు ఇస్తుంది కనుక మొత్తం 18 వోల్టులు. పూర్తిగా ఛార్జ్ అయినప్పుడు ఒక్కో సెల్ 4.2 వోల్టులకు చేరుతుంది కనుక అదే ప్యాక్ 21 వోల్టులు చూపిస్తుంది. అంటే దుకాణంలో 18 అన్నా, 20 అన్నా, 21 అన్నా సాధారణంగా అది ఒకే 5 సెల్స్ వరుస.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, బజారులో తక్కువ ధరకు దొరికే కొన్ని ప్యాక్‌ల మీద 48 అనీ, 88 అనీ పెద్ద అంకెలు ముద్రించి అమ్ముతున్నారు. మల్టీమీటర్ పెట్టి చూస్తే లోపల ఉన్నవి అవే 5 సెల్స్ అని ఇట్టే తేలిపోతుంది. అంకెల విషయంలో ఇంత ధారాళంగా అబద్ధం ఆడినవాడు లోపలి రక్షణ సర్క్యూట్ విషయంలో నిజాయితీగా ఉంటాడని నేను నమ్మను. లిథియం సెల్స్‌కు మన దేశంలో ఐఎస్ 16046 అనే ప్రమాణం ఉంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ గుర్తు, నంబరు ప్యాక్ మీద ఉన్నాయో లేదో చూసి కొనడం మీ హక్కు. ఒక కంపెనీ బ్యాటరీని అడాప్టర్ పెట్టి ఇంకో కంపెనీ మెషీన్‌కు తగిలించే అలవాటు కూడా ఈ మధ్య బాగా పెరిగింది. కొన్ని కంపెనీల ఏర్పాటులో బ్యాటరీ మరీ అడుగంటకుండా ఆపే కాపలా ప్యాక్‌లో కాకుండా మెషీన్‌లోనే ఉంటుంది. అడాప్టర్ పెడితే ఆ కాపలాదారు తప్పుకుంటాడు, సెల్స్ పూర్తిగా ఇంకిపోతాయి, అలా ఇంకిపోయిన సెల్స్‌ను మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది.

అమెరికాలో ఉన్న కొడుకో, అల్లుడో ప్రేమగా డ్రిల్లు సెట్టు తెచ్చి ఇచ్చిన ఇళ్లు ఇక్కడ కొన్ని ఉంటాయి. వాటి ఛార్జర్ వెనక ఉన్న అక్షరాలు భూతద్దం పెట్టి అయినా చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. వెనక 120 అని మాత్రమే ఉంటే దాన్ని మన సాకెట్లో నేరుగా పెట్టరాదు. సాకెట్‌కు తగ్గట్టు పిన్నులు మార్చే చిన్న అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. విమానంలో తెచ్చేటప్పుడు కూడా విడి బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో ఉండకూడదు, చేతి సంచిలోనే తేవాలి. 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లు ఉన్న ప్యాక్‌లో 90 వాట్-అవర్ల శక్తి ఉంటుంది, మామూలు పరిమితి 100. అంతకన్నా పెద్ద ప్యాక్‌కు, 160 లోపు అయితే, విమానయాన సంస్థ అనుమతి కావాలి.

ఇక ఛార్జింగ్. ఈ సెల్స్‌ను మామూలుగా 0 నుంచి 45 డిగ్రీల మధ్యనే ఛార్జ్ చేయాలి. సున్నా మనకు సమస్య కాదు, 45 మాత్రం నిజమైన సమస్య. రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెలలో నీడలోనే అంత వేడి ఉన్న రోజులు ఉంటాయి, ఇక రేకుల షెడ్డు లోపల, ఎండలో నిలిపిన బండి డిక్కీలో చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం స్లాబు మీద పనిచేసి, చేత్తో పట్టుకోలేనంత వేడెక్కిన బ్యాటరీని తీసి వెంటనే ఛార్జర్‌లో గుచ్చడం చాలా సైట్లలో చూస్తాం. మంచి ఛార్జర్ అయితే ఎర్ర దీపం వెలిగించి చల్లారేదాకా ఆగుతుంది. చవక ఛార్జర్‌కు ఆ వివేకం ఉండదు. కనీసం ఒక అరగంట నీడలో, గాలి తగిలేచోట ఉంచి ఆ తరువాత ఛార్జ్ చేయండి. పరుపు మీద, చెక్కపొట్టు మధ్య, థిన్నర్ డబ్బాల పక్కన, ఇంటి నుంచి బయటికి వెళ్లే దారికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టకండి; రాత్రంతా వదిలేసి నిద్రపోకండి. నెలల తరబడి వాడని ప్యాక్‌ను నిండుగానూ కాకుండా, ఖాళీగానూ కాకుండా సుమారు సగం ఛార్జ్‌తో దాచాలి.

బ్యాటరీ కొసలు బయటికి కనిపించే ఇత్తడి పలకలు. వాటిని మేకులు, స్క్రూలు ఉన్న సంచిలో మూత లేకుండా వేస్తే ఒక స్క్రూ అడ్డం పడినా చాలు, వందకు పైగా ఆంపియర్లు ఒక్క క్షణంలో పారి స్క్రూ ఎర్రగా కాలుతుంది. ప్యాక్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ మూతను పెట్టె విప్పిన రోజే పారేస్తాం, కానీ అది పారేసే వస్తువు కాదు. ఉబ్బిన, పగిలిన, నీళ్లలో పడిన, తియ్యని సాల్వెంట్ వాసన వస్తున్న ప్యాక్‌ను మళ్లీ ఛార్జ్ చేయరాదు. బుస్సుమని పొగ వస్తే ముందు ఛార్జర్‌కు కరెంటు ఆపేయాలి, మనుషులు బయటికి వెళ్లాలి, ఎందుకంటే ఆ పొగ విషపూరితం. కరెంటు ఆపేశాక, దూరం నుంచి సాధ్యమైతే నీళ్లు బాగా పోయాలి. లిథియం మీద నీళ్లు పోయకూడదని విన్నవారు ఉంటారు. ఆ మాట లిథియం లోహానికి వర్తిస్తుంది, ఈ లిథియం-అయాన్ ప్యాక్‌లకు కాదు. ఇక్కడ మంట కన్నా లోపలి వేడి ముఖ్యం, దాన్ని దించేది నీళ్లే. పొడి చల్లే ఆర్పేయంత్రం మంటను అణచినా సెల్స్‌ను చల్లార్చదు కనుక కాసేపటికి మళ్లీ అంటుకుంటుంది. పాడైన ప్యాక్‌లను చెత్తబుట్టలో వేయకుండా, కొసలకు టేపు చుట్టి, సేకరించే దుకాణానికో, కంపెనీ సర్వీసు సెంటర్‌కో ఇవ్వాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి.

ఇప్పుడు డ్రిల్లు సంగతికి వద్దాం. బ్యాటరీ డ్రిల్లు బొమ్మలా ఉంటుందని ఇంట్లోవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. కాస్త పెద్ద డ్రిల్లుకు 60 న్యూటన్-మీటర్ల మెలి బలం ఉంటుంది. గోడలో బిట్టు ఇనుప చువ్వకు తగిలి ఆగిపోయిందనుకోండి. బిట్టు తిరగలేదు కనుక డ్రిల్లు తిరుగుతుంది. బిట్టును పట్టి ఉంచే చక్ మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో మీ చెయ్యి ఉంటే దాన్ని ఆపడానికి దాదాపు 30 కిలోల బరువుతో సమానమైన బలం, అదీ రెప్పపాటులో, కావాలి. నేల మీద నిలబడి ఉంటే మణికట్టు మెలిపడుతుంది. ప్లాస్టిక్ కుర్చీ మీద మరో స్టూలు వేసుకుని ఫ్యాన్ హుక్కు దగ్గర ఒంటిచేత్తో కొడుతుంటే మనిషే కింద పడతాడు. పక్క హ్యాండిల్ ఇచ్చింది అందుకే. స్క్రూలు బిగించేటప్పుడు చక్ వెనక ఉన్న అంకెల రింగును తక్కువ అంకె దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే ఒక్కొక్కటి పెంచుకుంటూ పొండి. డ్రిల్లు బొమ్మ ఉన్న గుర్తు మీద పెడితే బిగువు మించితే జారి ఆపే క్లచ్ పనిచేయదన్న సంగతి మరచిపోవద్దు.

గోడలకు రంధ్రాలు చేసేటప్పుడు బ్యాటరీ డ్రిల్లుకు ఒక గొప్ప మేలు ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. తీగ డ్రిల్లు నడవాలంటే ఇంట్లో కరెంటు ఉండాలి. బ్యాటరీ డ్రిల్లుకు ఆ అవసరం లేదు కనుక ఆ గదికి వచ్చే ఎంసీబీని, అంటే బోర్డులోని ట్రిప్ స్విచ్‌ను దించేసి నిశ్చింతగా పనిచేసుకోవచ్చు. మన ఇళ్లలో గోడల్లో కప్పేసిన పైపుల ద్వారా తీగలు స్విచ్‌బోర్డు నుంచి నేరుగా పైకి స్లాబు దాకా, కొన్నిచోట్ల ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు అడ్డంగా వెళతాయి. కాబట్టి బోర్డుకు నిలువుగానూ, అడ్డంగానూ జానెడు వెడల్పు మేర రంధ్రం పెట్టకూడదు. స్నానాలగదిలో కుళాయికి, గీజర్‌కు నిలువునా ఉన్న గోడకు కూడా ఇదే లెక్క. బిట్టు తీగకు తగిలితే ఇనుప చక్‌లోకి కరెంటు వస్తుంది, డ్రిల్లు వంటికి ప్లాస్టిక్ ఉన్నా చక్‌ను పట్టుకున్న వేళ్లకు రక్షణ ఉండదు. ఇక్కడ ఎలక్ట్రీషియన్లు కూడా పొరబడే చోటు ఒకటుంది. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించినంత మాత్రాన అన్ని తీగలూ చచ్చినట్టు కాదు. ఇన్వర్టర్ లైన్లలో 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. దాన్ని కూడా ఆపి, టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి అది పనిచేస్తోందని రూఢి చేసుకుని, ఆ తరువాత మీరు పనిచేసే బోర్డులో పెట్టి చూడండి.

ఎక్కువ సేపు మాట్లాడవలసింది గ్రైండర్ గురించి, ఎందుకంటే బ్యాటరీ పనిముట్లలో నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే. 4 అంగుళాల బ్యాటరీ గ్రైండర్ నిమిషానికి 8,500 సార్లు తిరుగుతుందనుకుందాం. ఆ లెక్కన వీల్ అంచు సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 160 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. వీల్ పగిలితే ముక్కలు బయలుదేరే వేగం అది. ఆ ముక్కలకూ మీ ముఖానికీ మధ్య ఉండేది గార్డు ఒక్కటే. మరి మనవాళ్లు గార్డును ఎందుకు తీసేస్తారు? మూలల్లోకి వెళ్లడం లేదని కొందరు, అరిగిపోయిన పెద్ద మెషీన్ వీల్ వృథా పోకూడదని కొందరు. 7 అంగుళాల వీల్ మీద నిమిషానికి 8,500 అని పరిమితి రాసి ఉంటుంది. 100 మిల్లీమీటర్ల, అంటే 4 అంగుళాల వీల్ మీద సుమారు 15,300 ఉంటుంది. వీల్ పెద్దదైనకొద్దీ అది తట్టుకునే చుట్లు తగ్గుతాయి. కొన్ని తీగ గ్రైండర్లు 11,000 చుట్లు తిరుగుతాయి, దానికి గార్డు పీకి, రింగు వేసి పెద్ద వీల్ బిగించినవాడు దాన్ని పగలగొట్టే ఏర్పాటు తానే చేసుకున్నట్టు.

ఈ కటింగ్ వీల్ మధ్యలో ఉన్న లోహపు రింగును దగ్గరగా చూడండి. దాని మీద చిన్న అక్షరాలలో నెల, సంవత్సరం కొట్టి ఉన్నాయి. అది తయారీ తేదీ కాదు, వాడకానికి గడువు. రెసిన్‌తో అతికించి చేసే ఈ వీల్స్‌కు సాధారణంగా తయారైన నాటి నుంచి 3 సంవత్సరాల గడువు ఇస్తారు, ఎందుకంటే తేమకు, కాలానికి ఆ రెసిన్ పట్టు సడలుతుంది. వానాకాలంలో తడిసిన అట్టపెట్టెలోనివి, కింద పడినవి, అంచు బెజ్జం పడినవి గడువులోపల ఉన్నా పనికిరావు. కొత్త వీల్ బిగించిన వెంటనే పనికి పెట్టకుండా, పక్కకు నిలబడి, ఎదుట ఎవరూ లేకుండా చూసి ఒక నిమిషం ఊరికే తిప్పండి. కోసే వీల్‌తో పక్కవాటుగా రుద్దకండి. అది పల్చన, పక్క ఒత్తిడిని తట్టుకోదు. స్లైడ్ స్విచ్ ఉన్న గ్రైండర్‌లో స్విచ్ ఆన్‌లో ఉండగానే బ్యాటరీ అయిపోయి ఆగిపోతే, కొత్త బ్యాటరీ పెట్టిన మరుక్షణం అది చేతిలో ఎగిరి లేచే అవకాశముంది. కొన్ని మెషీన్లలో దీన్ని ఆపే ఏర్పాటు ఉంది, మీ దానిలో ఉందో లేదో మీకు తెలియకపోతే లేనట్టే భావించి, ముందు స్విచ్ చూసుకుని తరువాత బ్యాటరీ పెట్టండి.

వడ్రంగి మిత్రులకు ఒక మాట, ఇది కొందరికి నచ్చకపోవచ్చు. గ్రైండర్‌కు పళ్లున్న చెక్క బ్లేడు బిగించి ప్లైవుడ్ కోయడం పనితనం కాదు. గ్రైండర్ గార్డు చెక్క బ్లేడు కోసం చేసినది కాదు, ఆ బ్లేడుకు ఆ వేగం తగదు. పన్ను చెక్కలో చిక్కుకుంటే మెషీన్ వెనక్కి తన్నుతుంది, తన్నిన మెషీన్ తొడ మీదికో, ఎడమచేతి మీదికో వస్తుంది. సర్క్యులర్ రంపం ధర చూసి వెనకాడుతున్నారని నాకు తెలుసు. ఆసుపత్రి ఖర్చు సంగతి అటుంచి, వేళ్లు పోయిన వడ్రంగి తిరిగి ఉలి పట్టడం ఎంత కష్టమో మీలో కొందరు కళ్లారా చూసే ఉంటారు. అలాగే చిన్న ముక్కను కాలితో తొక్కిపట్టి రంధ్రం చేయడం, ఎడమ అరచేతిలో పట్టుకుని స్క్రూ బిగించడం మానుకోవాలి. ముక్కను బల్లకు బిగించే సీ-క్లాంపు పెద్ద ఖరీదైన వస్తువు కాదు.

బట్టల విషయం క్లుప్తంగా చెబుతాను. తిరిగే బిట్టు దగ్గర లుంగీ, మెడలో తువ్వాలు, చున్నీ, వదులు చొక్కా చేతులు, విరబోసుకున్న జుట్టు ఉండకూడదు. మణికట్టుకు కట్టుకున్న దారాలు భక్తికి సంబంధించినవే అయినా పనిపూట లోపలికి దోపుకోండి. దారాలు లేచిన నూలు చేతితొడుగులతో డ్రిల్లు పట్టడం తొడుగు లేకపోవడం కన్నా ప్రమాదం, ఎందుకంటే బిట్టు ఒక పోగును పట్టుకుంటే చేతినంతా లాక్కుంటుంది. నిప్పురవ్వలు లేచే పనిలో పాలిస్టర్ బట్టలు కరిగి చర్మానికి అంటుకుంటాయి, నూలు బట్టలే మేలు. పాలిష్, థిన్నర్ వాసన నిండిన గదిలో ఏ బ్యాటరీ మెషీన్ కూడా నడపవద్దు.

చత్వారం అద్దాలు రక్షణ అద్దాలు కావు. పక్కలు మూసి ఉండి, ఐఎస్ 5983 గుర్తు ఉన్నవి వేసుకోవాలి. గ్రైండర్‌కు వాటి మీద ముఖకవచం కూడా కావాలి. గ్రానైటు, టైలు, కాంక్రీటు కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరి కలిగించే సిలికోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. చేతిరుమాలు కట్టుకుంటే కంటికి కనిపించే దుమ్ము ఆగుతుంది కానీ ప్రాణం తీసే దుమ్ము ఆగదు. ముఖానికి బిగువుగా అతికే ఎఫ్‌ఎఫ్‌పీ2 రకం, అంటే సన్నటి దుమ్మును వడకట్టే మాస్కు వాడండి. తడి కోతకు తగినట్టు చేయని బ్యాటరీ మెషీన్ మీద నీళ్లు పోస్తూ కోయడం మాత్రం పరిష్కారం కాదు. చెవుల సంగతి కూడా అంతే: 85 డెసిబెల్స్‌కు 8 గంటల పరిమితి పెట్టుకుంటే, మోత 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది, గ్రైండర్ మోత ఈ లెక్కను నిమిషాల్లోకి దించుతుంది.

రైతు సోదరులు మామిడి, జీడిమామిడి కొమ్మలు కొట్టడానికి 4, 6 అంగుళాల చిన్న గొలుసు రంపాలు కొంటున్నారు. ఒంటిచేత్తో పట్టుకునేంత తేలికగా ఉండడమే వాటి ప్రమాదం, ఎందుకంటే రెండో చెయ్యి కొమ్మను పట్టుకోవడానికి వెళుతుంది, సరిగ్గా రంపం జారే దారిలోకి. గొలుసు తిరిగే బద్ద కొస పైభాగం దేనికి తగిలినా రంపం ముఖం వైపు ఎగురుతుంది కనుక కొసతో కోయకండి, చెట్టెక్కి వాడకండి, కరెంటు తీగల దగ్గరి కొమ్మలను లైన్‌మన్‌కు వదిలేయండి.

ఇంత చెప్పాక కూడా ప్రమాదం జరిగితే ఏమి చేయాలో తెలియాలి. కంట్లో ఇనుప రజను పడితే పక్కవాడు అగ్గిపుల్లతోనో, రుమాలు కొసతోనో తీయడం మన షెడ్డుల్లో పాత అలవాటు. ఆ రజను ఒక్కరోజులో కంటిపొర మీద తుప్పు వలయం వేస్తుంది. అగ్గిపుల్ల దాన్ని ఇంకా లోపలికి నొక్కుతుంది. శుభ్రమైన నీటితో కడిగి, పోకపోతే కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. గుచ్చుకున్నట్టు అనిపిస్తే కడగకుండా, నొక్కకుండా, పైన ఒక కాగితం కప్పు బోర్లించి కట్టి తీసుకెళ్లాలి. బిట్టు చేతిలో దిగబడితే పీకకూడదు. బ్యాటరీ తీసి, చక్ వదులు చేసి, బిట్టును అలాగే ఉంచి కదలకుండా కట్టాలి. వేలు తెగితే గాయాన్ని గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి. తెగిన వేలిని తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచు మీద పెట్టాలి. మంచు నేరుగా వేలికి తగిలితే అతికించడం కష్టమవుతుంది.

ప్రశ్నలకు ముందు ఒక చిన్న పని చేద్దాం. ప్రిన్సిపాల్ గారు అనుమతిస్తే, మీరు తెచ్చిన మెషీన్లన్నీ ఈ కిటికీ పక్క బల్ల మీద, బ్యాటరీలు తీసి, వాటి మూతలతో ఆ చెక్క ట్రేలో పెట్టండి. మూత లేనివారికి ఇక్కడ టేపు ఉంది. గ్రైండర్లు తెచ్చినవారు ముందు వరుసకు రండి, ఒక్కొక్క వీల్ రింగు మీద తేదీ చదువుదాం, గార్డు లేని మెషీన్ల గార్డులు ఎక్కడున్నాయో వాటి యజమానులే చెబుతారు.